సుంకులత్తకు పిలుపు రాని ఎండాకాలం

యాగంటికా? ఎవురెవురు పోతాండారు? ఓహో, అందరూనా. పోయిరాండమ్మీ, మంచిది. సెలవలు ఇచ్చేది అందుకే గదా. నన్ను మాత్రం బలవంతం జేయద్దు తల్లీ, ఈ మోకాళ్లు ఇంగ గుడి మెట్లు ఎక్కేవి కావు. నేను ఈడ్నే కూర్చొని ఆ స్వామిని తలుచుకుంటా, ఆయప్పకు వినపడకుండా పోతాదా? ఏందీ, దోవలో హోటల్లో తినేసి వస్తారా? అదేం పోవడమమ్మీ! యాగంటికి పోవడమంటే సద్ది కట్టుకొని పోవడమే. మా సుంకులత్త ఉండింటే నిన్ను గడప దాటనిచ్చేది కాదు, "సద్దిమూట ఏదే?" అని నిలేసేది. ఎవురా? నీకు తెల్దులే. మీ నాయన పుట్టకమునుపే పోయింది ఆయమ్మ. ఫోటో గూడా లేదు. ఉండే మాటలన్నీ నా కాడ్నే ఉండాయి, నేను పోతే అవీ పోతాయి. అందుకే అడిగితే చెప్తా, అడక్కపోయినా చెప్తా. కూర్చో. ఆ చాప ఇట్ల లాక్కో.

సుంకులమ్మ అంటే మా నాయనకు చెల్లెలు, నాకు మేనత్త. మా నాయన తిమ్మయ్యకు ఉండిందే ఆ ఒక్క తోడబుట్టువు. మా ఊరు బనగానపల్లెకు దాపున, మామిడి తోపులు ఉండే తట్టు. ఆయమ్మనేమో ఆదోనికి అవతల, తుంగభద్ర దగ్గర ఒక రేగడి పల్లెకు ఇచ్చినారు. మా మామ కంబన్న మంచోడే, మాట తక్కువ మనిషి. ఊరే శానా దూరం. వాళ్ల మాట మన మాట మాదిరి ఉండేది కాదు, సగం కన్నడం కలిసేది, రూకల్ని దుడ్లు అంటారు. జొన్న పండుతాది, పత్తి పండుతాది. చెట్టు నీడ అంటే మాత్రం తుమ్మ చెట్టు నీడే. "వదినా, మా ఊర్లో మామిడి చెట్టు చూడాలంటే పెండ్లిపందిట్లో కట్టిన ఆకులు చూడాల్సిందే" అని నగేది అత్త. మా జేజి, అంటే మా నాయన వాళ్లమ్మ, పోయేముందర మా నాయన చెయ్యి పట్టుకొని, "తిమ్మయ్యా, పొలం పండినా పండకపోయినా నీ చెల్లెల్ని ఎండాకాలం పిల్చుకొచ్చుకోవడం మానద్దప్పా" అని మాట తీసుకుందంట. అదొక్కటే అడిగిందంట ఆ ముసలామె. ఇంగేమీ అడగలేదు.

పిలుపు అంటే నువ్వు అనుకునే పిలుపు కాదు. ఫోన్లో రమ్మంటే వచ్చేది కాదు. అన్న అనేవాడు బండి కట్టుకొనో, రైలెక్కో పోవాల. చెల్లెలి ఇంట్లో ఒక రాత్రి పండుకోవాల. వాళ్లత్త పెట్టింది తిని, "మా ఆడబిడ్డను నాల్గు దినాలు పంపియ్యండమ్మా" అని నోరు తెరిచి అడగాల. అప్పుడే అడుగు బయట పెట్టాల. పిలవకుండా తనంతట తాను పోయిందంటే, మొగునితో పడక పారిపోయిందని ఊరంతా కోడై కూస్తాది. సుంకులత్త అత్తగారు ఈరక్క అని ఉండేది. చెడ్డదేం కాదుగానీ నోరు మిరపకాయ బజ్జీ. "పిలవని పేరంటానికి పోయినా పోవచ్చుగానీ పిలవని పుట్టింటికి పోగూడదు" అని కోడండ్లకు దినామూ పాఠం చెప్పేదంట.

మా నాయన పోయి పిల్చుకొచ్చేవాడు, ప్రతి ఎండాకాలమూ, మామిడి పచ్చబారే వేళకు. ఆయమ్మ బండి దిగేది సూడాల నువ్వు! మూట ఒక చేత్తో, చెప్పులు ఇంగో చేత్తో. గడపకు మొక్కి, నేరుగా పెరట్లోకి పోయి చేదబాయిలో చేద ఏసి నీళ్లు తోడుకొని తాగేది. అంత దూరం వచ్చి ఎవురికీ నమస్కారం లేదు, పలకరింపు లేదు, ముందు నీళ్లు. మాయమ్మ లక్ష్మీదేవమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడి, "వచ్చిందమ్మా మహాతల్లి. ఇంగ ఈ ఊర్లో మామిడి టెంకలకు గూడా దిక్కు దొరికె" అనేది. "రాకుంటే నీకు పొద్దుపోతాదా వదినా? ఎవుర్ని తిడ్తావు? మా అన్నను తిట్టి తిట్టి నీకే విసుగు పుట్టింటాది గదా" అని అత్త. ఇట్ల మొదలయ్యేది. వాళ్లిద్దరూ తిట్టుకుంటాంటే మాకు పండగ. తిట్టుకోకుండా ఉంటే ఎవురికో ఒంట్లో బాగలేదని అర్థం.

పొద్దున్నే ఉగ్గాని. బొరుగులు తడిపి పిండి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండి, దానిమింద మిరపకాయ బజ్జీ పెట్టుకొని తినాల. ఇప్పుడు మీరు చేసుకునేది ఉగ్గాని కాదు, ఏడుపు. మధ్యాన్నం జొన్న సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి, గోంగూర. మాపటికి రొట్టెలు, మామిడిపండు రసం. సుంకులత్త మామిడిపండు తినేది ఒక చోద్యం. తొక్క నాకి, టెంక చీకి, ఆ టెంక ఎండిన ఎముక మాదిరి తెల్లగయ్యేదాకా వదిలేది కాదు. "ఇంగ చాల్లేమే, ఆ టెంకకు నొప్పి పుడ్తాది" అని మా నాయన అంటే, "నీదేం పోయె అన్నా, ఇంట్లో తోపు పెట్టుకొని మాట్లాడ్తావు. నేను ఏడాది పొడుగునా దీన్ని తలుచుకొని జొన్నరొట్టె మింగాల" అనేది. వరి అన్నమా? అప్పుడు యాడిది తల్లీ వరి అన్నం. పండగకు, చుట్టానికి, దేవునికి. అంతే.

ఇంగ యాగంటి. దానికి బండి కట్టించేదే అత్త. "అన్నా, ఈ తూరి స్వామిని చూడకుండా పంపిస్తే ఆ పాపం నీదే" అనేది. ముందు రోజంతా వంటే. పులుసన్నం, పెరుగన్నం, ఓళిగలు, అదే మీ బొబ్బట్లు. మామిడిపండ్లు తడిపిన గోనెసంచిలో చుట్టి బండి కింద కట్టేవాళ్లం, సల్లగా ఉండాలని. కొండలు దగ్గర పడేకొద్దీ అత్త మాట తగ్గిపోయేది. గుడి కనపడంగానే దండం పెట్టి కండ్లు మూసుకునేది. కొండలోనుంచి వచ్చే నీళ్లు కోనేట్లో పడ్తాంటాయి చూడు, ఆ నీళ్లల్లో మమ్మల్ని ముంచి లేపేది. నందీశ్వరుని కాడికి పోయి, జానతో కొలిచి, "పోయినేటికన్నా పెరిగినావు స్వామీ, నేనే తగ్గినా" అని చెప్పేది. మీకు తెల్సు గదా, ఆ బసవన్న పెరుగుతాడంటారు. యాగంటికి కాకులు రావు, అగస్త్యులవారి శాపం. కాకులు రావుగానీ కోతులకు ఎవురు శాపం పెట్టిరి? ఒకేడు సద్ది ఇప్పీ ఇప్పకముందే ఒక కోతి వచ్చి ఓళిగల గిన్నె ఎత్తుకపాయ. అత్త దాని ఎనకాల మెట్లెక్కతా, "ఒరే, నువ్వు ఏడాది పొడుగునా ఈడ్నే ఉంటావు. నేను ఒక్క తూరి వస్తా. ఒక్కటన్నా ఇయ్యిరా!" అని అరుస్తాంది. మాయమ్మ నగలేక కడుపు పట్టుకొని కోనేటి గట్టు మింద కూలబడె. నేను మాయమ్మ అట్ల నగింది మళ్లా చూళ్లేదు. ఊహూ, లేదు. చూళ్లేదు.

ఎన్ని దినాలున్నా పోయే దినం వస్తాది గదా. పోయేటప్పుడు ఒడిబియ్యం. ఇప్పుడు మీరు ఫోటోలకు పోస్తారు. అప్పుడు అట్ల కాదు. ఆడబిడ్డను పీట మింద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, రవికెగుడ్డ, కొబ్బరి గిన్నె, వక్కాకు, అన్నీ కొంగులో పోసి నడుముకు కట్టేవాళ్లు. ఏడాదంతా సంగటి తిని దాచి పెట్టిన బియ్యం అవి. మా ఇండ్లల్లో ఇంకో మర్యాద ఉండాది. ఆ ఒడిలోనుంచి ఆడబిడ్డ పిడికెడు బియ్యం తీసి, దేవుని గూటి కింద బియ్యం పోసిపెట్టే చిన్న మట్టి గురిగిలో మళ్లా ఏసి, అప్పుడు గడప దాటాల. "నాకు నిండింది, నా పుట్టిల్లు నిండుగా ఉండాల" అని అర్థం. ఏయకుండా పోతే ఇంటి సిరిని మూటగట్టుకొని పోయినట్లు.

కర్నూలు రాజధాని అయ్యేదానికి ముందు, రెండేండ్ల ముందనుకుంటా, మా ఊరి దోవలో సర్వీసు బస్సు పడె. అంతకుముందు అత్తను మా నాయన సొంత బండిలో బేతంచెర్ల దాకా తోలకపోయి రైలెక్కించేవాడు. మన బండి మనం ఎక్కినప్పుడే కదుల్తాది. ఆ యేడు మాయమ్మే అనె, "ఎద్దులు బక్కచిక్కినాయి, వాటిని యాడ తోలతావు? బస్సుకు పంపియ్యి" అని. సరేనని ఒడిబియ్యం పోసి, బొట్టు పెట్టి, అత్త ఇంకా పీట మీంచి లేస్తాంది, అంతలోనే ఊరి బయట బూ... అని బస్సు కూత. రావాల్సిన పొద్దుకన్నా ముందే వచ్చింది పాపిష్టిది. అందరం పరుగో పరుగు. మా నాయన మూట నెత్తినెత్తుకొని ముందు, అత్త నిండిన ఒడి రెండు చేతుల్తో పట్టుకొని నిండు గర్భిణి మాదిరి ఎనక. కండక్టరు తలుపు కాడ నిలబడి, "రామ్మా రా, నీ సీమంతం అయ్యేదాకా బండి ఆపల్నా?" అని ఎగతాళి. ఎక్కింది. కూర్చుంది. బస్సు కదిలింది. అప్పుడు ఆయమ్మ మొగం తెల్లగయిపాయ. కిటికీలోనుంచి చెయ్యి చాపి, "అన్నా! పిడికెడు! పిడికెడు ఏయలేదు!" అని అరిచిందంట. మా నాయనకు దుమ్ము తప్ప ఏమీ కనపళ్లేదు, మోత తప్ప ఏమీ వినపళ్లేదు. ఆయన నగతా చెయ్యి ఊపినాడు. చెల్లెలు పోయొస్తా అంటాందనుకున్యాడు. అత్త నాకు ఈ మాట ఎన్ని తూర్లు చెప్పిందో. బస్సు ఆపమని కండక్టర్ని బతిమాలింది, ఆయప్ప ఆపలేదు. "సరేలే, వచ్చే యేడు రెండు పిడికెళ్లు ఏస్తాలే తల్లీ" అని ఒడిలో బియ్యానికే చెప్పుకుందంట. ఊరికి పోయినాక ఆ బియ్యం ఎట్ల చేయాల్నో అట్ల చేసింది. వండి, దేవునికి పెట్టి, ముత్తైదువులకు పెట్టింది. ఒడిబియ్యం దాచుకునేది కాదు గదా.

ఆ యేడు వాన రాలేదు. మృగశిర పాయ, ఆరుద్ర పాయ. మబ్బు వస్తాండె, పోతాండె. దాని ముందర యేడు గూడా అంతంతమాత్రమే. బాయిలో నీళ్లు అడుగంటె. తోపులో చెట్లు నిలబడినట్లే ఉండి ఎండిపాయ. ఎద్దుల్ని ఒక్కోదాన్ని అమ్మేస్తిరి. గంజి కేంద్రాలు పెట్టినారని చెప్తాంటారే, అవి చూసినా నేను, చెంబు పట్టుకొని నిలబడినా గూడా. అప్పుడు ఒక దినం మాయమ్మ గూటి కింద గురిగిలో చెయ్యి పెట్టె. అడుగున చెయ్యి తగిలి టక్కుమనె. ఆయమ్మ కిందనే కూలబడి, "పిడికెడు ఏసి పోలేదు. మా ఆడబిడ్డ పిడికెడు ఏయకుండా పాయ. ఇల్లు ఊడ్చుకొని పాయ" అనె. మా నాయన ఏమీ అనలేదు. అదే తప్పంటాను నేను. ఒక్క మాట, "ఊరుకోమే, వానకు పిడికెడు బియ్యానికి ఏం సంబంధం?" అని ఉండింటే అయిపోయేది. అనలేదు. ఒక తూరి అన్న మాట పాతబడ్తాది, పాతబడితే నిజమైపోతాది. బాయికాడ ఆడోళ్లతో అనె, చుట్టాలతో అనె. అందరూ అవునవును అనిరి. వాళ్లకు గూడా ఎవురో ఒకరు కావాల గదా తిట్టేదానికి. మబ్బును ఎంతకాలమని తిడ్తారు?

ఆడ సుంకులత్తకు ఇదేమీ తెల్దు. ఎండాకాలం వచ్చె. ఆయమ్మ చీర ఉతికి మూట కట్టి పెట్టుకునె. పొద్దున లేచి దోవ చూసేది, మాపటికి దోవ చూసేది. రేగడి నేల, శానా దూరం కనపడ్తాది మనిషి వస్తాంటే. ఎవురైనా తలపాగా చుట్టుకొని వస్తాంటే మా అన్నే అని చేతిలో పని ఇడిచిపెట్టి లేచేదంట. దగ్గరికి వస్తే ఎవురో. ఈరక్క ఊరుకుంటాదా? "ఏమ్మే, మీ అన్నకు దోవ మర్చిపోయిందా, ఎద్దులు సచ్చిపోయినాయా?" అనె. ఆ ముసలామెకేం తెల్సు ఎద్దులు నిజంగానే లేవని. మూట అట్లనే గూట్లో ఉండె. వాన ఆడ గూడా పళ్లేదు, అయినా వాళ్లది రేగడి కాబట్టి కొంచెం జొన్న దొరికె. కంబన్న మామ ఒక రాత్రి అనినాడంట, "అంత బాధైతే నేను తోలకపోతా పద" అని. అత్త, "వద్దు. పిలవని ఇంటికి నిన్ను పిల్చుకొని పోయి ఇద్దరం తలకాయ వంచుకోవల్నా? మా అన్నకు ఏదో కష్టం వచ్చింది, వస్తాడులే" అనె. వస్తాడులే, వస్తాడులే అని ఒకేడు గడిచిపాయ. ఇంకో ఎండాకాలం వచ్చె. మా నాయన రాలేదు.

అప్పుడు దస్తగిరి సాయిబు వచ్చినాడు. ఆయప్ప బనగానపల్లె మామిడికాయలు, మా తోపువి గూడా, గంపలకెత్తి రైల్లో ఆదోనికి తెచ్చి అమ్మేవాడు. ఆ కరువులో గూడా యాడో నీళ్లున్న తోపులోవి నాల్గు గంపలు తెచ్చినాడు. అత్త సంతకు పోయి ఆయప్పను పట్టుకునె. "భాయ్, మా అన్న ఎట్ల ఉండాడు?" అంటే, ఆయప్ప తల పక్కకు తిప్పుకొని, "ఉండారమ్మా, అల్లా దయ, బతికే ఉండారు" అనె. "మరి నన్ను ఎందుకు పిలవలేదు?" "అది నన్ను అడగద్దమ్మా." "నీకు మా అమ్మ చేతి సంగటి గుర్తుంటే చెప్పు భాయ్." ఆయప్ప చెప్పలేక చెప్పలేక, "మీ వదినమ్మ అంటాంది తల్లీ. నువ్వు ఒడిబియ్యంలో పిడికెడు ఏయకుండా వచ్చినావంట గదా. అందుకే ఇల్లు ఎండిపాయ అంటాంది. ఇంగేమీ అడగద్దు, మీ అన్నకు నేను మాట ఇచ్చినా" అని గంప ఎత్తుకొని పాయ. ఒక మామిడికాయ చేతిలో పెట్టి పాయ. అత్త ఆ కాయ తినలేదు. ఇంట్లో పిలకాయలకు కోసి పెట్టె.

ఆ దినం నుంచి ఆయమ్మ వరి మెతుకు ముట్టలేదు. పండగ వచ్చినా, తద్దినం వచ్చినా. "మా వదిన నోటితో రమ్మని పిలిచేదాకా అన్నం తినను" అని స్వామి ముందర మొక్కుకునె. పెద్ద ఆడోళ్లను అడిగి చూసిందంట, ఆ పిడికెడు ఇప్పుడు ఎట్ల తిరిగి ఇయ్యాలని. వాళ్లు, "నీ మొగుని బియ్యం ఏస్తే చెల్లదమ్మే. పుట్టింటి బియ్యమే ఏయాల" అనిరంట. పుట్టింటి బియ్యం యాడుండాయి ఇంగ? రెండేండ్ల కిందటే తిన్నోళ్ల కడుపులో అరిగిపాయ.

నాకు ఆ యేడు విషజ్వరం వచ్చె. బతకదన్నారు. మాయమ్మ మంత్రాలయం రాఘవేంద్రస్వామికి మొక్కుకునె, స్వామి కాపాడె. ఆరాధనలప్పుడు మమ్మల్ని తోలుకొని ఎట్లనో బయల్దేరిరి మా నాయన, అమ్మ. దస్తగిరి సాయిబు చెవిన ఏసినట్లున్యాడు, అత్త గూడా మొగుని అడిగి బండి కట్టించుకొని వచ్చె. దేవుని దగ్గరికి పోయేదానికి పిలుపు ఎవురి కాడ తీసుకోవాల? ఈరక్కే ముందు నిలబడి, "పోయిరామ్మే, స్వామి పిలిచినాడనుకో" అనిందంట. చెప్పినా గదా, చెడ్డది కాదని.

మఠంలో భోజనాల పంక్తి. ఆడోళ్లదంతా ఒక పక్క. మాయమ్మ, నేను ఒక వరసలో కూర్చుంటిమి. తలెత్తి చూస్తే ఎదురు వరసలో సుంకులత్త. నేను "అత్తా!" అని లేవబోతే మాయమ్మ నా రెక్క పట్టి కూర్చోబెట్టె. అత్త సన్నంగా అయిపోయింది, ముక్కుపుడక మాత్రమే మునుపటి మాదిరి ఉండె. మాయమ్మ ఎట్లుండిందో అత్త చూసింటాది. అతుకులేసిన చీర, మెడలో పసుపుకొమ్ము కట్టిన దారం. ఆకులు ఏసిరి, అన్నం ఏసిరి. తెల్లని అన్నం, పొగలు వస్తాంది. ఎంతకాలమయిందో చూసి! నేను కలుపుకొని ఆవురావురుమని తింటాండా. మాయమ్మ తినకుండా ఎదురు ఆకునే చూస్తాంది. అత్త చారు తాగింది, కూర తినింది, అన్నం పక్కకు నెట్టింది. మాయమ్మ ఉండబట్టలేక, రెండేండ్ల తర్వాత మొదటి మాట, "ఏం, నీకేమొచ్చింది? అన్నం తినవా?" అనె. "మొక్కు ఉండాది వదినా." "ఏం మొక్కు?" "నువ్వు పిలిస్తే తింటా."

పంక్తిలో అందరూ వింటాండారు. మాయమ్మ చెయ్యి ఆకు మింద అట్లనే ఆగిపాయ. అప్పుడు అనింది. గట్టిగా గాదు, నాకు పక్కన కూర్చుంటే వినపడినంత, ఎదుటికి వినపడినంత. "యాడికి పిలవాల సుంకులూ? ఇల్లు లేదు. తోపు పాయ, పొలం పాయ, పోయినేడు ఇల్లు గూడా పాయ. బేతంచెర్లలో గుడిసె ఏసుకొని ఉండాం. మీ అన్న నాపరాళ్ల గనిలో రాళ్లు మోస్తాండాడు. నీకు తెలియగూడదని నన్ను చంపుకొని తిన్యాడు. ఇల్లు ఉండింటే నేను పిలవకపోదునా? ఏం పోసి పంపుదును నీ ఒడిలో?" అత్త, "మరి నేనే ఊడ్చుకొని పోయినానని అంటాండావంటనే?" అనె. మాయమ్మ, "అనినా. అననా మరి? ఎవుర్నో ఒకర్ని అనకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. నీ మింద కోపం ఉంటే లేచి పనికి పోతాంటి. కోపం లేకుంటే ఏమీ లేదు నా కాడ" అనె. అని, "తిను. రెండేండ్లుగా మేం కండ్లతో చూడంది నీ ఆకులో ఉండాది. దాన్ని వదిలి లేస్తే స్వామి మెచ్చడు. తిను నాయనా" అనె. రమ్మని పిలవలేదు. పిలిచేదానికి ఇల్లు లేదు గదా. అత్త ఆ మాటనే పిలుపు అనుకునిందో, మొక్కును స్వామి పాదాల కాడ ఇడిచిపెట్టిందో, నాకు తెల్దు, ఎప్పుడూ అడగలేదు. తల వంచుకొని అన్నం కలుపుకొని తినె. కండ్లనీళ్లు చార్లో పడ్తాంటే తుడుచుకోకుండా తినె. మాయమ్మ అప్పుడు తినె.

ఏమ్మీ, నువ్వేంది అట్ల చూస్తావు? ఏడ్చేదానికేం ఉండాది, అన్నీ అయిపోయిన మాటలు.

మళ్లా యేడు వానలు పడె. మా నాయన చేతిలో నాల్గు రూకలు ఆడంగానే, ఎండాకాలం రాంగానే, బేతంచెర్ల గుడిసె నుంచే పోయినాడు చెల్లెల్ని పిల్చుకొచ్చేదానికి. ఆయప్పకు వాళ్లమ్మకిచ్చిన మాట ఉండె గదా. వచ్చింది అత్త. గుడిసెలో ఏముంటాది, రాళ్ల దుమ్ము. మామిడి వాసన లేదు, బాయి లేదు. అత్త మాయమ్మను తిట్టేదానికి చూసింది పాపం, మునుపటి మాదిరి. మాయమ్మ జవాబు చెప్పింది గూడా. కానీ ఇద్దరికీ ఊపిరి చాలలేదు. అప్పుడు మా నాయన, "పద, యాగంటికి పోదాం" అనె. బాడిగ బండిలో పోతిమి. సద్ది అంటే జొన్నరొట్టె, ఎర్రగారం. స్వామి దర్శనం బాగా అయింది. కోతులు వచ్చినాయిగానీ రొట్టె వాసన చూసి పోయినాయి.

తిరిగి వచ్చేటప్పుడు అత్త, "అన్నా, మన ఊరి మింద పోనీ" అనె. మా నాయన, "వద్దులేమే" అనె. "పోనీ అన్నా. బయట నుంచే చూసి వస్తాం." తోలకపాయ. మా వీధిలో మా ఇంటి ముందర బండి ఆగె. మా నాయన దిగి, ఇంటికి ఈపు తిప్పి, ఎదురు గోడ కాడ మోకాళ్లు ముడుచుకొని కుక్కురు కూర్చునె. మాయమ్మ బండి దిగనే లేదు. అత్త దిగింది. నేను ఆయమ్మ చెయ్యి పట్టుకొని ఉండా. తలుపుకు కొత్త రంగు ఏసినారు. అరుగు మింద మిరపకాయలు ఆరబోసినారు. ఎండ మండిపోతాంది. ఎంతసేపు నిలబడినామో. లోపల్నుంచి ఒకామె వచ్చె, గిడ్డమ్మ అని తర్వాత తెల్సింది పేరు. కొన్నోళ్ల కోడలు. మేమెవరో ఆమెకు తెల్దు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకొని చూసి, "ఎవురమ్మా మీరు? ఎండలో అట్ల నిలబడినారేం? రాండి, లోపలికి రాండి" అనె.

అత్త బండి తట్టు తిరిగి, "పిలిచినారు వదినా" అనె. చెప్పులు ఇడిచి, గడపకు మొక్కి లోపలికి పాయ.

లోపల పొయ్యి జాగా మారింది. దూలాలు అవే. గిడ్డమ్మ, "యాడోళ్లమ్మా?" అంటే "ఆదోని తట్టు" అనె అత్త. "అబ్బ, అంత దూరమా! ఎవురింటికి వచ్చినారు?" అత్త గుంజను చేత్తో నిమిరె. ఆమె చెంబుతో నీళ్లిచ్చె. అత్త చెంబెత్తి గటగటా తాగి, "బాయి నీళ్లు ఊరినాయా?" అనె. "ఊరినాయమ్మా, ఈ యేడు బాగుండాయి. ఉప్పుజాడే గానీ ఉండాయి" అని గిడ్డమ్మ. మధ్యాన్నపు సంగటి మిగిలిందంట, మజ్జిగ పోసి, ఊరుబిండి ఏసి తట్టలో పెట్టిచ్చె. "మొగమాట పడద్దు తల్లీ, మీ ఇల్లే అనుకొని తినండి" అనె. అత్త నడింట్లో గుంజకు ఆనుకొని కాళ్లు చాపుకొని కూర్చునె. అట్ల కాళ్లు చాపుకొని కూర్చోవడం ఆయమ్మ అత్తగారింట్లో ఎప్పుడూ చేయదు. నిదానంగా తినె. తట్ట ఊడ్చినట్లయినాక, గిడ్డమ్మ తట్టు చాపి, "ఇంకొంచెం పెట్టమ్మా" అనె.

బయటికి వచ్చినాక మా నాయన తల ఎత్తలేదు. నేల మింద పుల్లతో గీతలు గీస్తా, "తిన్యావా?" అనె.

"తిన్నానన్నా."

అంతే. బండెక్కినాం.

మళ్లా ఆ ఇంటికి పోయిందా అంటావా? ఊహూ... ఆ కిటికీ తెరువమ్మీ కొంచెం, ఉక్కగా ఉండాది.